అనంతపుర సీమలో తీగకై నిరీక్షణ



మా ఊరికి పడమట ఒక గుట్ట కలదు. దానిపై పూర్వులు కట్టిన చిన్న ఆంజనేయస్వామి గుడి యున్నది. నా చిన్ననాట మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మా తాతగారును, వారి యీడువారును సాయంకాలము ఆ గుట్ట యెక్కి, నైరుతి దిక్కునకు చేయి అడ్డుపెట్టుకొని చూచెడివారు. క్రింద కళ్లమునందున్నవారు "ఏమప్పా, వచ్చెనా?" అని కేక వేసెడివారు. అది మేఘమును గూర్చిన ప్రశ్న. పైనుండి తఱుచుగా వచ్చెడి సమాధానము మౌనమే.

నేడును సాయంకాలమున ఆ గుట్టపై జనము కలరు. అయితే వారు వృద్ధులు కారు, బాలబాలికలు. వారు చూచునది ఆకాశమును కాదు, అరచేతిలోని సెల్‌ఫోనును. క్రిందనుండి తల్లి "వచ్చిందా అబ్బీ?" అని యడుగును. "రెండు పాయింట్లు వచ్చినాయి మా, ఉండు, కదలొద్దు" అని పైనుండి బదులు వచ్చును. ప్రశ్న మాఱలేదు. దేనిని గూర్చి యడుగుచున్నారో అది మాత్రము మాఱినది.

ఇంటర్నెట్టు అను మాట నేడు మన పల్లెలలో తెలియనివారు లేరు. దానిని ఎడతెగక, తగిన వేగముతో తెచ్చెడి మార్గమునకే బ్రాడ్‌బ్యాండు అని పేరు. అది మన మెట్టసీమ పల్లెలకు వచ్చునని మనము వినుచున్నది నిన్న మొన్నటినుండి కాదు. ఈ నిరీక్షణకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర బ్రాడ్‌బ్యాండుతో మొదలు కాలేదు. నూటయేబది సంవత్సరములకు పూర్వమే మొదలైనది. దానిని కొంచెము విన్నవించి, అందుండి మనము నేర్వదగిన దేమో చెప్పుటయే ఈనాటి ప్రసంగము.

ముందుగా మన నేలను గూర్చి ఒక మాట. అనంతపుర సీమ దక్షిణ పీఠభూమి నడుమ, రెండు సముద్రములకును దూరముగా నున్నది. నైరుతి పవనము పడమటి కనుమలపై తన బరువు దించుకొని మనకడకు వట్టి గాలియై వచ్చును. ఈశాన్య పవనము తూర్పుతీరమునకు పెట్టిన పిదప మిగిలినది మనకు విదుల్చును. సంవత్సరమునకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు 22 అంగుళములు మాత్రమే. అందువలన ఈ సీమవారికి నిరీక్షించుట తాతముత్తాతలనాటి విద్య.

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొని 1807 వఱకు దత్తమండలములను పాలించెను. ఆనాడు వార్త యనగా మనిషి కాలు. తపాలా బంట్రోతు గజ్జెలు కట్టిన కోల భుజముపై నుంచుకొని, ఒక మజిలీనుండి మఱియొక మజిలీకి పరుగెత్తుకొని పోవుచుండెను. ఆ గజ్జెల చప్పుడు ఊరి ప్రక్కగా పోవుచుండెడిదే కాని, ఊరిలో ఆగుట అరుదు. అతని సంచిలోనివి దొరతనమువారి కాగితములు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మన సీమకు వచ్చిన ప్రతి మార్గమును మొదట మన మీదుగా పోవుటకే వచ్చినది. మనకొఱకు వచ్చుట తరువాతి మాట.

పిదప తంతి వచ్చినది. ఓషానెస్సీ అను వైద్యుడు 1839లో కలకత్తా సమీపమున తీగపై విద్యుత్తుచే వార్త పంపు పరీక్షలు చేసెను. 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరు దిశగా తీగ వేసిరి. 1855లో తంతి ప్రజల వాడుకకు తెఱవబడెను. అటు తరువాత ఇనుపదారి. మదరాసు నుండి బయలుదేరిన రైలుదారి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదవాని మీదుగా సాగి, 1871లో రాయచూరువద్ద బొంబాయినుండి వచ్చిన దారితో కలిసినది. ఆనాటికి అనంతపురము జిల్లా లేదు. 1882లో బళ్లారినుండి వేఱుచేసి దానిని ఏర్పఱచిరి. రైలుతోపాటు స్టేషను స్టేషనుకు తంతితీగ వచ్చినది. మదరాసును బొంబాయిని కలిపెడి దారి మన సీమ నడుమనుండి పోవుట చూచి, ఇక మనకు కొఱతలు తీరునని తలచినవారు ఆనాడును ఉండియుందురు.

రైలు వచ్చిన అయిదేండ్లకు, 1876లో, ధాత కఱవు వచ్చినది. అది 1878 వఱకు ఈ సీమను దహించినది. ఆ కఱవున రైలు తన పని తాను చేసినది. ధాన్యపు బస్తాలను స్టేషనులకు చేర్చినది. అయితే స్టేషనునుండి పల్లెకు ధాన్యము ఎట్లు పోవలెను? బండ్లు కావలెను, బండ్లకు ఎద్దులు కావలెను. మేతలేక ఎద్దులు అంతకుముందే కూలిపోయినవి. కొనుటకు కూలివానియొద్ద డబ్బులేదు. ఇనుపదారి ప్రక్కన బస్తాలు, ఇనుపదారికి పది కోసుల దూరమున ఆకలి చావులు! 1871 నాటి జనసంఖ్యకంటె 1881 నాటి జనసంఖ్య ఈ ప్రాంతమున తగ్గెనన్నచో ఇక వర్ణింప నక్కఱలేదు.

ఈ కథను ఇక్కడ చెప్పుటకు కారణము కలదు. దూరమునుండి వచ్చు పెద్దమార్గము ఎంత గొప్పదైనను, దానినుండి మన గడపకు రావలసిన చివరి పది కోసుల చిన్నమార్గము లేనిచో అది మనకు లేనట్లే. బ్రాడ్‌బ్యాండు కథయందును చిక్కు ఈ పది కోసులదే.

తీగ యక్కఱలేని రేడియో ఈ చిక్కును కొంత తప్పించుకొన్నది. 1938 జూన్ 16న మదరాసునందు ఆకాశవాణి కేంద్రము వెలసినది; 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వచ్చినవి. రచ్చకట్టవద్ద పెట్టిన ఒక్క పెట్టెచుట్టు ఊరంతయు కూర్చుండెడిది. కాని రేడియో చెప్పునదే కాని, మనము చెప్పునది వినలేదు. మాటకు మాట కావలెనన్న టెలిఫోను రావలెను.

టెలిఫోను కొఱకైన నిరీక్షణను నాయీడువా రందఱును ఎఱుగుదురు. పట్టణమునందే దరఖాస్తు పెట్టుకొని ఏండ్లతరబడి వేచియుండెడివారు. పల్లెలసంగతి చెప్పనేల! 1984లో కేంద్రప్రభుత్వమువారు సీ-డాట్ అను సంస్థను స్థాపించిరి. మన దేశపు ఎండకు, దుమ్మునకు తాళి, చల్లదనపు యంత్రము లేకయే పనిచేయగల చిన్న ఎక్స్ఛేంజిని ఆ సంస్థవారు నిర్మించిరి. అట్టిది మొదట 1986లో కర్ణాటకమునందలి కిత్తూరున నెలకొల్పబడినది. 1994 నాటి జాతీయ టెలికాం విధానమునందు 1997 నాటికి గ్రామములన్నిటికిని టెలిఫోను అందవలెనని సంకల్పము చేసిరి.

మా ఊరికి ఆ సంకల్పము కొంచెము ఆలస్యముగా అందినది. ఊరిలో ఒక ఇంట ఫోను పెట్టిన దినమున మేము టెంకాయ కొట్టితిమి. మొదటి నెల రోజులు ఊరంతయు వరుసగా నిలిచి మాటలాడినది. ఆషాఢపు గాలికి దారిలో రెండు స్తంభములు ఒరిగినవి. ఫోను మూగవోయినది. మేము అర్జీ వ్రాసితిమి, "వచ్చెదరు" అనిరి. ఎదురు చూచితిమి. మఱుసటి ఆషాఢము వచ్చినది. ఫోను పెట్టెపై ఆ ఇంటి ఇల్లాలు పసుపు కుంకుమల భరిణ పెట్టుకొన్నది. లెక్కలలో మాత్రము మా ఊరు ఫోను గల ఊరుగానే యుండెను. వచ్చుట యొకటి, నిలుచుట యొకటి యని నాకు అప్పుడు తెలిసినది.

ఇక ఇంటర్నెట్టు. మన దేశమున అది ప్రజలకు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. 2004లో కేంద్రప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించినది. సెకనుకు 256 కిలోబిట్ల వేగమున్నచో దానిని బ్రాడ్‌బ్యాండు అనవచ్చునని నిర్ణయించినది. 2013లో ఆ కొలత 512 కిలోబిట్లయినది. 2023లో 2 మెగాబిట్లయినది. అనగా 19 సంవత్సరములలో కుంచము ఇంచుమించు ఎనిమిది రెట్లు పెరిగినది. ఇది తప్పు కాదు. అవసరము పెరిగినకొలది కొలతయు పెరుగవలసినదే. కాని పాత కుంచమునకే నోచుకొనని పల్లె ప్రతిమాఱును మఱింత వెనుకబడినదన్నమాట.

2011 అక్టోబరులో కేంద్రమంత్రివర్గము రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు గాజుపోగుల తీగ వేయుటకు ఒక పథకమును ఆమోదించినది. 2015లో దానికే భారత్ నెట్ అని పేరు పెట్టిరి. ఆంధ్రప్రదేశమున 2015లో ఫైబర్ నెట్ అను ప్రభుత్వసంస్థ ఏర్పడినది. నేల త్రవ్వి తీగ పూడ్చినచో కాలమును, ధనమును ఎక్కువగా పట్టునని, ఈ సంస్థవారు కరెంటు స్తంభములమీదుగానే తీగను లాగిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు అమరావతియందు దీనిని ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఇత్తుమని ఆనాడు ప్రకటించిరి.

గాజుపోగు అంటిని. ఆ సంగతియు కొంచెము వినుడు. మెట్టసీమవారికి వినసొంపైన కథ యది. 1841 ప్రాంతమున జెనీవా నగరమున కొలడాన్ అను పండితుడు ఒక తొట్టికి చిల్లు పెట్టి నీటిధారను పాఱించి, వెనుకనుండి ఆ ధారలోనికి వెలుతురు పంపెను. ధార వంగిన చోట వెలుతురు తిన్నగా బయటికి దూకిపోలేదు; నీటితోకూడ వంగి, నీరు పడినచోటనే పడినది. 1854లో లండనునందు టిండాల్ అను శాస్త్రజ్ఞుడు ఈ వింతనే సభలో చూపెను. నీరు పోయిన దారినే వెలుగు పోవును! నీటికి బదులు గాజుపోగును పెట్టినచో నేమి యని తరువాతివారు తలచిరి. పంజాబునందు పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో లండనునుండి, గాజుపోగుల కట్టగుండ చిత్రమును పంపవచ్చునని గురువుతో కలిసి ప్రకటించెను. గాజులోని మలినమును తొలగించినచో వెలుగు బహుదూరము పోగలదని 1966లో చార్లెస్ కావో తేల్చెను. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. తలవెండ్రుకవంటి ఆ పోగులో వెలుగు క్షణమునకు కోట్లమాఱులు వెలిగి ఆఱుచు అక్షరములను, చిత్రములను, మాటలను మోసికొనిపోవును. నేడు మన కరెంటు స్తంభముపై వ్రేలాడుచున్న నల్లని తీగలో నున్నది ఆ పోగే. అది కాలువ, అందు పాఱునది వెలుగు.

కాలువ యున్నను చేను ఎండుట మన మెఱుగని వింత కాదు. తీగ మండలమునకు వచ్చినది. పెక్కు పంచాయతీలకును వచ్చినది. కొన్నిచోట్ల పంచాయతీ కార్యాలయమున పెట్టె గోడకు బిగించిరి. దానికి కరెంటు లేదు. కొన్నిచోట్ల పెట్టె వెలిగినది. దానినుండి బడికిగాని, ఇండ్లకుగాని కొమ్మతీగ లాగలేదు. కొన్నిచోట్ల లాగిరి, గాలికి కొమ్మ విఱిగి పడి తెగినది, అతుకు వేయువాడు లేడు. సెల్‌ఫోను టవరులు పెరిగిన మాట నిజమే. దానివలన పెక్కు గ్రామములకు మేలు కలిగినది. కాని గుట్టల మాటుననున్న మజరా గ్రామములకు, తండాలకు ఆ టవరు వెలుగు నేటికిని సరిగా సోకదు.

"అయ్యవారూ, తీగ రాకపోతే ఏమాయె? మన తాతలు తీగ లేకనే బ్రతకలేదా?" అని మీరు నన్ను అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానమే ఈ ప్రసంగమునకు ప్రాణము.

పూర్వము తంతి లేని ఊరివాడు మనిషిని పంపెను. రైలు లేని ఊరివాడు నడిచిపోయెను. క్రొత్తదారి రానంతమాత్రమున పాతదారి మూయబడలేదు. నేడు అట్లు కాదు. క్రొత్త వాకిలి మనకు తెఱువకముందే పాత వాకిలి మూసివేయబడుచున్నది. జాతీయ గ్రామీణ ఉపాధి పథకమును 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాయందే, నార్పల మండలములోని బండ్లపల్లిలో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు ప్రారంభించిరి. దేశమున కూలివాని హక్కునకు మొదటి దీపము మన కఱవునేలపై వెలిగినందుకు గర్వింపదగును. ఆనాడు హాజరు కాగితపు మస్టరులో వ్రాసెడివారు. 2023 జనవరి 1 నుండి కూలివాండ్ర హాజరును పనిచోటనే సెల్‌ఫోనులో, దినమునకు రెండుమాఱులు ఛాయాచిత్రముతో సహా ఎక్కింపవలెనని నియమము వచ్చినది. దొంగ హాజరులను అరికట్టుట మంచిదే. కాని సిగ్నలు లేని గుట్టచాటున చెఱువు పూడిక తీసిన కూలివాడు నిజముగా చెమటోడ్చియు, యంత్రము దృష్టిలో రానివాడుగా నిలిచెడి ప్రమాదము ఆ నియమముతోపాటే వచ్చినది. చౌకధరల దుకాణమున వేలిముద్ర యంత్రమును అట్టిదే. సంచి పట్టుకొని వచ్చిన అవ్వను "సర్వరు లేదు, రేపు రా" అని పంపివేయుట నేను కన్నులార చూచితిని. ఆ అవ్వ నన్ను "సర్వరు అంటే ఎవరు నాయనా? ఆయన ఎప్పుడొస్తాడు?" అని యడిగినది. నేను నవ్వలేకపోయితిని.

2020 మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడినవి. పాఠములు తీగలోనికి పోయినవి. టెలివిజనులోను, ఈ ఆకాశవాణిలోను పాఠములు ప్రసారము చేసి ప్రభుత్వమువారు కొంత ఆదుకొన్నారు. అయినను ప్రశ్న యడుగవలెనన్నను, వ్రాసిన లెక్క చూపవలెనన్నను పిల్లలకు గుట్టయే గతియైనది.

ఆ దినములలో జరిగిన ఒక సంగతిని దాచక చెప్పెదను. మా వీధిలో ఒక కూలివారి బిడ్డ కలదు. చురుకైన పిల్ల. పదవ తరగతియందు మంచి గుణములు వచ్చినవి. పైచదువునకు దరఖాస్తును ఇంటర్నెట్టులోనే పంపవలెను. గడువు మఱునాటి రాత్రితో తీరును. సాయంకాలము ఆమె తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యోరూ, ఇప్పుడే బిడ్డను బండిమీద టవునుకు తీసుకపోదునా? రాత్రికి అక్కడే చుట్టాలింట ఉంటాము" అని యడిగెను. నేనేమంటిని? "పంచాయతీలో పెట్టె పెట్టినారు గదా! రేపు వెలిగించెదమని చెప్పిరి. రేపటి దినమంతయు మనదేకదా. రాత్రిపూట ఆడబిడ్డను త్రిప్పుట యెందులకు?" అంటిని. పెద్దవాని మాట యని అతడు ఆగెను. మఱునాడు పెట్టె వెలుగలేదు. సాయంకాలము ఆ పిల్ల గుట్ట యెక్కినది. దరఖాస్తు సగము వఱకు పోయినది. రుసుము చెల్లించుచోట చక్రము తిరుగుచు తిరుగుచు నిలిచిపోయినది. రాత్రి పండ్రెండు గంటలకు గడువు తీరినది. ఆ పిల్ల గుట్టదిగి వచ్చుచు ఏడ్వలేదు. నాకు నమస్కరించి, "రేపు పోయింటే బాగుండు సార్ అని కాదు, నిన్ననే పోయింటే బాగుండు" అన్నది. ఒక సంవత్సరము ఇంటిపట్టున కూలికి పోయి, మఱుసటి ఏడు చేరి ఇప్పుడు చదువుకొనుచున్నది. భగవంతుడు ఆమెను చల్లగా చూచుగాక. కాని ఆ పోయిన సంవత్సరము పెట్టె పెట్టినవారిది మాత్రమే కాదు. "రేపు" అన్న నాదికూడ. ముప్పది సంవత్సరములు బడిలో "ఆలస్యాదమృతం విషమ్" అని వల్లె వేయించిన నేను, ఆ వాక్యమును నాకు నేను చెప్పికొనలేదు.

ఆనాటినుండి నేను నిరీక్షణను గూర్చి ఆలోచించితిని. మన సీమయందే మనకు ఒక పాఠము వ్రాసియున్నది. కడప జిల్లా బద్వేలు సమీపమున పోరుమామిళ్ల చెఱువుకడ 1369 నాటి సంస్కృత శాసన మొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. రెండు సంవత్సరములు, దినమునకు వేయిమంది కూలివాండ్రు, నూఱు బండ్లు ఆ పనిలో నుండెనని శాసనము చెప్పును. అంతకంటె విలువైన దేమనగా, మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు రాగల ఆఱు దోషములను అందు లెక్కపెట్టిరి. ఆఱు దోషములివి: కట్టనుండి నీరు కాఱుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర యందుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మెరక యుండుట, నీరు కొంచెము, పాఱవలసిన నేల విస్తారము, నేల కొంచెము, నీరు అధికము.

చవిటినేలను విడిచిపెట్టి తక్కినవానిని మన తీగకు అన్వయించి చూడుడు. అతుకులు సరిగా లేక వెలుగు దారిలోనే కారిపోవుట మొదటి దోషము. రెండు మండలముల పొలిమేరనున్న పల్లెను "అది మాది కాదు" అని ఇరువురును విడిచిపెట్టుట పొలిమేర దోషము. మన గుట్టలు టవరు వెలుగునకు అడ్డుపడుట మెరక దోషము. ఒక సన్నని తీగపై ఊరంతయు ఒక్క సాయంకాలమే వ్రాలుట అల్పజల దోషము. పట్టణమున ఒక్క వీధికి నాలుగు సంస్థలు పోటీపడి తీగలు లాగుట చివరి దోషము. ఆఱు వందల యేబది సంవత్సరములకు పూర్వము చెఱువు కట్టినవారికి తెలిసిన సంగతి నేడు తీగ వేయువారికి తెలియనిది కాదు. కాని అడుగువారు ఉండవలెను.

మఱియొక సంగతి. మన పూర్వులు చెఱువు కట్టి ఊరుకొనలేదు. కట్టను కాపాడువానికి దశబంధ మాన్యము లిచ్చిరి. తూము తెఱచి వంతులవారీగా నీరు వదలుటకు నీరుగంటిని పెట్టిరి. నీరుగంటి మొదట చూచునది తూము ప్రక్కనున్న మడిని కాదు. ఆయకట్టు చివరి మడిని. చివరి మడి తడిసిననాడే చెఱువు పాఱినట్లు లెక్క. తీగకును ఇదే కొలత కావలెను. పంచాయతీ గోడకు పెట్టె తగిలినది కాబట్టి ఊరికి బ్రాడ్‌బ్యాండు వచ్చినదనుట, తూమువద్ద నీరు కనబడినది కాబట్టి పంట పండినదనుట వంటిది.

కావున పెద్దలారా, మీకు కొన్ని మనవులు. గ్రామసభ జరిగినపుడు వీధిదీపములను గూర్చి, మురుగుకాలువలను గూర్చి అడిగినట్లే తీగను గూర్చి అడుగుడు. తీగ ఎక్కడివఱకు వచ్చినది, పెట్టె వెలుగుచున్నదా, తెగినచో ఎవరికి చెప్పవలెను, ఎన్నినాళ్లలో బాగుచేయుదురు, ఈ నాలుగు ప్రశ్నలను తీర్మానపు పుస్తకములో వ్రాయింపుడు. నోటిమాట గాలికి పోవును, వ్రాత నిలుచును. ఊరిలో చదువుకొన్న ఒక యువకుని తీగకు నీరుగంటిగా ఏర్పఱచుకొనుడు. అతనికి ఆ పని నేర్పించుమని అధికారులను కోరుడు. మొదటి కొమ్మ బడికిని, ఆరోగ్యకేంద్రమునకును పోవలెనని పట్టుబట్టుడు. అన్నిటికంటె ముఖ్యముగా, తీగ చివరి గడపను ముట్టునంతవఱకు పాత వాకిలిని మూయవద్దని చెప్పుడు. యంత్రము పలుకనినాడు కాగితముపై వ్రాసికొని బియ్యము నిమ్మనుట, కూలివాని హాజరు పుస్తకములో ఎక్కించుమనుట దయ కాదు, న్యాయము.

నిరీక్షణ రెండు విధములు. చాతకపక్షి నోరు తెఱచుకొని మేఘమును చూచుచుండును, అది యొకటి. రైతును మేఘమును చూచును. కాని చూచుచు గొఱ్ఱు బాగుచేసికొనును, గుంటకకు పదును పెట్టును, వేరుసెనగ కాయలు ఒలిపించి విత్తనము సిద్ధము చేసికొనును, చేని గట్టు తెగినచోట మన్ను వేయును. వాన రెండు పదునులే కురిసినను ఆ రెండింటినే పట్టుకొనును. చాతకమును కవులు మెచ్చిరి. కఱవుసీమను నిలిపినది మాత్రము రైతు.

మా గుట్టపైకి నేనును అప్పుడప్పుడు ఎక్కుచున్నాను. ఆ పిల్లలు "సార్, మీకు ఏల ఈ శ్రమ?" అందురు. మా తాతగారు చేయి అడ్డుపెట్టుకొని చూచిన రాతిమీదనే ఇప్పుడు ఒక పిల్లవాడు కూర్చుండి లెక్క చేయుచుండును. ఆ పిల్లవానికి "రేపు" అను మాట చెప్పుటకు నాకు ఇక నోరు రాదు. పంచాయతీ పెట్టె ఇప్పుడు వెలుగుచున్నది. బడికి కొమ్మతీగ లాగవలెనని వ్రాయించిన తీర్మానమునకు సమాధానము రావలసియున్నది. వచ్చునంతవఱకు ప్రతి గ్రామసభయందును ఆ కాగితమును తీసి చదువుదును.